రెండుసార్లు తిరగేసిన తలుపు

“నీ తలకాయ ఎవరైనా తిరగేసి అతికించారా?” అని ఒకటో తరగతి పంతులమ్మ అడిగింది. పలక మీద అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు ఎదురుతిరిగి కూర్చున్నాయి. పిల్ల తల తడుముకుని, తెలియదండీ అంది. ఆ పూటే తిరగమరగమ్మ అయిపోయింది.

ఇందులో దైవదత్తమైన ప్రతిభ వెతక్కండి. ఉత్త పొరపాటు, పెద్దయ్యాక దానికి గిరాకీ దొరికింది, అంతే. దుకాణాల అద్దం తలుపుల మీద రంగుతో పేర్లు రాస్తుంది. వానకు చెరగకుండా లోపలివైపున రాయాలి, బయటివాళ్లకు సరిగ్గా కనబడాలంటే అక్షరాలు తిప్పి రాయాలి. మిగతావాళ్లు చెమటలు కక్కే ఆ పనిని ఆవిడ ఈల వేస్తూ చేస్తుంది.

లెక్కల లెక్చరరైన మేనబావ, ప్రిన్సిపాలును బతిమాలి కాలేజీలో పని ఇప్పించాడు. తిరగబడటం అనే అంశం మీద సదస్సు జరిగే హాలు అద్దం తలుపు మీద, దాని పేరు ‘విలోమం’ అని రాయాలి. అది కుదిరితే తక్కిన తలుపులన్నీ ఆవిడవే. చెడితే స్టిక్కర్లవాడివి.

సదస్సు ముందురోజు ఆవిడ కుంచె తడిపిందో లేదో, పండితులు చుట్టూ మూగారు. అడుగు స్వరాన్ని ఎత్తి పైన కూర్చోబెడితే అదే విలోమమని సంగీతం మేడమ్ పాడి చూపించింది. ఒక్కోసారి చల్లగాలి కిందే ఉండిపోయి వెచ్చగాలి పైన మూతలా పడుతుందని, పొగంతా మన నెత్తినే కూర్చుంటుందని వాతావరణం మాస్టారు చేతులు తిప్పాడు. బావ ఊరుకుంటాడా?

“అసలు సంగతి వినవే. తిరగేసిందాన్ని మళ్లీ తిరగేస్తే మొదటికొస్తుంది.”

“మా ఇంట్లో ఏ గొడవైనా అంతే బావా.”

నవ్వుకుంటూ రాసింది. చెయ్యి అలవాటుగా తిప్పబోయింది, పాఠాలెక్కిన బుర్ర ఇంకోసారి తిప్పింది. లోపల్నుంచి చూస్తే అక్షరాలు ముత్యాలే.

మర్నాడు బయట నిలబడిన ముఖ్య అతిథి ఎదురుతిరిగిన అక్షరాలను మెడ వంకర తిప్పి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తలుపే ఉపన్యాసం ఇచ్చేస్తోందన్నాడు. కావాలనే అలా రాయించామని ప్రిన్సిపాలు తడుముకోకుండా చెప్పేశాడు.

“నోరు మూసుకో, గట్టెక్కావు,” అని బావ ఆవిడ చెవిలో గొణిగాడు.

“రేపు పళ్ల డాక్టరు తలుపూ ఇలాగే రాస్తానంటే నాకు పనెవడిస్తాడు? నా నోట్లో మట్టే బావా,” అని ఆవిడ బ్లేడు తీసింది.

సభ మొదలైంది. వెనక తలుపు దగ్గర బర్రుబర్రున గీకుడు, ఆపైన మళ్లీ కుంచె పని. చివరి వరుస కుర్చీలు తిరిగాయి, తర్వాత దాని ముందు వరుస, ఆ తర్వాత మొత్తం హాలు. వేదిక వెనకబెంచీ అయిపోయింది. బావ జనం వీపులకు సూత్రాలు చెబుతున్నాడు. ఆవిడ చివరి సున్నా చుట్టగానే ముఖ్య అతిథి బయటికి పరిగెత్తి, చదివి, అద్దంలోంచి బొటనవేలు చూపించాడు. హాలు చప్పట్లతో మోగింది. అవి తనకేననుకుని బావ వంగి నమస్కారం పెట్టాడు.

తక్కిన తలుపులన్నీ ఆవిడకే ఇచ్చారు. ఈ తలుపు రెండుసార్లు రాశాను కాబట్టి రెండు కూలీలు కావాలంది. ఒక తప్పూ ఒక ఒప్పూ కలిస్తే సున్నా అని బావ సరదాకి అన్నాడు. కాలేజీ గుమాస్తా దాన్ని నిజమనుకుని బిల్లు మీద సున్నా వేసేశాడు.

ఆ తలుపు డబ్బులు ఇంకా రావాలి.