అయ్యో అంటే తప్పు

ఆసుపత్రిలో అందరూ ఆమెను చెవులమ్మ అనేవాళ్ళు. మొహం మీద అనేవాళ్ళు కాదు గానీ, ఆమెకు తెలుసు. పొద్దస్తమానం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే మనిషికి ఇంకేం పేరు పెడతారు? ఆమెకు కోపం రాలేదు. ఆ మాటకొస్తే ఆమెకు కోపం రావడం ఎప్పుడో మానేసింది. సంతోషమూ అంతే. అడగకుండా వచ్చేది నిద్ర ఒక్కటే, అది కూడా బస్సులో.

ఆమె పనేమిటో చెప్పాలంటే ముందు కొలతల గొడవ చెప్పుకోవాలి. చర్మవ్యాధికి కొత్త మందు తయారు చేసినవాళ్ళు, అది పనిచేస్తుందో లేదో కొంతమందికి ఇచ్చి చూస్తారు కదా. చూడటం అంటే దేన్ని చూడాలి? ఒక ఊరి డాక్టరు ఎరుపు ఎంత తగ్గిందో చూస్తాడు. ఇంకో ఊళ్ళో ఆయన పొలుసులు చూస్తాడు. మూడో ఆయన దురద ఎలా ఉందని అడిగి, రోగి చెప్పినదాంట్లో తనకు నచ్చింది రాసుకుంటాడు. ఒకే బట్టల కొట్లో ఒకడు గజం బద్దతో, ఒకడు మూరతో, ఒకడు జానతో కొలుస్తుంటే ఎవరి గుడ్డ పొడుగో ఎలా తేలుతుంది? ఎన్నో పరీక్షలు, ఎంతో డబ్బు, వాటిలో ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి లేదు. చివరికి పెద్దవాళ్ళంతా కూర్చుని వాదించుకుని, అలిగి, మళ్ళీ కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎక్కడ పరీక్ష జరిగినా ఇవే కొలవాలి, ఇలాగే కొలవాలి, రోగిని అడిగే ప్రశ్నలు పొల్లుపోకుండా ఇవే అడగాలి. కంటితో చూసి వేసే మార్కులు ఒక ఎత్తు. రోగి నోటితో చెప్పే జవాబులు ఒక ఎత్తు. ఆ రెండోదానికి కాపలా మన చెవులమ్మ.

మొదట్లో ఆమె వినే మనిషి కాదు, చదివే మనిషి. చీటీలు రాసే కౌంటర్లో ఉండగా ఆమె గొంతు స్పష్టంగా ఉందని పెద్ద డాక్టరమ్మ గమనించి, రోగులకు ప్రశ్నలు చదివి వినిపించే పనిలో పెట్టింది. అప్పట్లో ఆమె నోరు ఊరుకునేది కాదు. రాత్రిళ్ళు నిద్ర లేదని ఎవరైనా అంటే "అయ్యో" అనేది. పిల్లాడు నా ఒళ్ళోకి రావడం లేదని ఒక తల్లి చెబితే ఆమెకే ముందు కళ్ళనీళ్ళు తిరిగేవి. "తగ్గిపోతుందిలెండి, మా పెదనాన్నకి తగ్గలేదూ" అని లేని పెదనాన్నను కూడా పుట్టించేది. రోగులు ఆమె దగ్గరికే వెళ్తామని పట్టుబట్టేవాళ్ళు.

ఆ పరీక్ష ముగిశాక ఆమె చదివిన ఆ ఒక్క సెంటర్ లెక్కలే తేడాగా వచ్చాయి. పెద్ద డాక్టరమ్మ ఆమెను పిలిచి, కసురుకోకుండా, నెమ్మదిగా చెప్పింది.

"మీరు అడిగినవాళ్ళంతా బాధ కొంచెమే అన్నారు. మందు వేసుకోకముందే కొంచెం అంటే, మందు వచ్చి తగ్గించడానికి ఇంకేం మిగిలింది?"

"వాళ్ళు బాగానే బాధపడుతున్నారు మేడమ్. నేను చూశాను కదా."

"చూశారు. వాళ్ళూ మీ మొహం చూశారు. మిమ్మల్ని బాధపెట్టడం ఎందుకని తగ్గించి చెప్పారు."

ఆ మందు మూలపడింది. దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయనీ, తప్పు ఆమె ఒక్కదానిదే కాదనీ డాక్టరమ్మ అంది. ఆమె తల ఊపింది గానీ నమ్మలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని మొహం కదలకుండా చదవడం నేర్చుకుంది. ఒకే గొంతు, ఒకే నడక. అర్థం కాలేదంటే అదే వాక్యం మళ్ళీ అలాగే చదవాలి. ఏడిస్తే మంచినీళ్ళిచ్చి, ఆగి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళాలి. ఎంత బాగా నేర్చుకుందంటే, కొన్నాళ్ళకు ఆమెను చదవడం మాన్పించి అన్ని సెంటర్లలో రికార్డు చేసిన ప్రశ్నలూ జవాబులూ వినే పనిలో కూర్చోబెట్టారు. దూది కట్టలూ గాజుగుడ్డలూ దాచే గది పక్కన చిన్న గది, ఒక కంప్యూటరు, కిటికీలోంచి చూస్తే జనరేటరు. ప్రశ్నలు చదివేవాళ్ళు ఒక మాట ఎక్కువన్నా, తక్కువన్నా, నిట్టూర్చినా తప్పని గుర్తు పెట్టాలి. రోగి ఎవరో ఆమెకు తెలియదు, పేరు బదులు ఒక నంబరు ఉంటుంది. రోగి మాట చెవిన పడుతుంది. పట్టించుకోకూడదు. అలా పట్టించుకోకుండా ఉండటమే ఆమె విద్య.

విద్య ఆఫీసులో విప్పి కొక్కేనికి తగిలించి వచ్చేది కాదు కదా, ఆమెతోపాటు ఇంటికొచ్చింది. అమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేసి భోరుమంటే, అతను ఆగేదాకా ఆగి, "ఇంకా ఏమైనా చెప్పాలనుకుంటున్నావా?" అంది. అది ప్రశ్నల కాగితంలో చివరి వాక్యం. తమ్ముడు ఆ తర్వాత చాలా రోజులు మాట్లాడలేదు. ఏడుపు మెల్లిగా వస్తుందేమో అని ఆమె ఎదురుచూసింది. రాలేదు. ఆడపడుచు అయితే నవ్వుతూనే అనేసింది, "వదినా, నీతో మాట్లాడుతుంటే బ్యాంకుకి ఫోన్ చేసినట్టుంటుంది, ఒకటి నొక్కాలా రెండు నొక్కాలా అని."

ఇంట్లో ఉండేది ఆమే, భర్తే. ఆయన కళ్ళజోళ్ళ షాపులో పనివాడు. అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, వచ్చినవాళ్ళ ముక్కు మీద, చెవుల వెనక అమర్చి, "ఎలా ఉందండీ, బిగుతుగా లేదు కదా" అని అడిగేవాడు. ఆ పని ఆయనకు ప్రాణం. సాయంత్రాలు ఇంటికి తెచ్చుకున్న ఫ్రేములు బాగుచేస్తుంటే ఆమె పేపరు పైకి చదివేది. యంత్రం చప్పుడులో వినిపించక ఆయన "ఇంకోసారి చదువు" అనేవాడు. అది ఒకప్పటి మాట.

తర్వాత ఆయనకు మోచేతుల దగ్గర సోరియాసిస్ మొదలైంది. వేళ్ళ మీదికి పాకింది, వీపంతా పాకింది. ముఖం దగ్గరికి వచ్చే ఆ చేతుల్ని చూసి ఒకరిద్దరు వెనక్కి తగ్గారు. యజమాని ఆయన్ను వెనకగదిలోకి మార్చాడు. ఇంట్లో కూడా, దుప్పటి నిండా పొలుసులు రాలుతున్నాయని ఆయనే ముందుగదిలో మంచం వేసుకున్నాడు. ఆమె "సరే" అంది. మొదటి ఆయింట్‌మెంటు ఆమే తెచ్చింది, ఆ తర్వాతవి ఆయనే తెచ్చుకున్నాడు. స్నానాలగదిలో గోడకు ఆనించి ఒక చెక్క స్కేలు ఉండేది, చివర గుడ్డ చుట్టి. ఆమె దాన్ని రోజూ చూసేది. ఎందుకని అడగలేదు. అసహ్యం కాదు, విసుగు కూడా కాదు. విసుగైనా కాస్త నయం, అందులో మనిషి ఉంటుంది.

ఒకరోజు ఊరికి ఆ చివరనున్న సెంటర్ నుంచి ఒక రికార్డింగు వచ్చింది. అక్కడ చదివేది కొత్తమ్మాయి, మంచి గొంతే గానీ నోటికి తాళం సరిగ్గా పడలేదు. చెవులమ్మ ఆ అమ్మాయి గొంతు వెంటే నడిచింది. మొదటి ప్రశ్న సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. ఇంటివాళ్ళ గురించిన ప్రశ్న దగ్గర రోగి మళ్ళీ చదవమన్నాడు, అమ్మాయి అదే వాక్యం అలాగే చదివింది, బాగుంది. జవాబు వచ్చింది. ఆ తర్వాత అమ్మాయి "అయ్యో" అంది.

చెవులమ్మ తప్పని గుర్తు పెట్టింది. ఎక్కడ పడిందో సరిచూసుకోవడానికి కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది.

"గడిచిన వారంలో మీ చర్మం వల్ల ఇంట్లోవాళ్ళతో మీకు ఎంత ఇబ్బంది కలిగింది? చాలా ఎక్కువ, ఎక్కువ, కొంచెం, అస్సలు లేదు."

"ఇంకోసారి చదువమ్మా."

అప్పుడు పట్టింది ఆమె చెవికి. అన్ని సెంటర్లలో ఎవరు నిట్టూర్చినా పట్టే చెవి, కొత్తమ్మాయి అయ్యోను పట్టింది, కట్టుకున్నవాడి గొంతును మొదటిసారి పట్టనే లేదు.

"ఇంట్లో అంటే మా ఆవిడేనమ్మా. అస్సలు లేదు అని రాసుకో. ఆవిడ నావైపు చూస్తే కదా ఇబ్బంది పడటానికి."

"అయ్యో."

ఆమె గుండె ఝల్లుమందని రాస్తే బాగుండేది. ఝల్లుమనలేదు. రికార్డింగు మొదటికి తిప్పి, ఈసారి రోగిని విన్నది. షాపులో వెనకగదిలో కూర్చోబెట్టారని చెబుతున్నాడు. చేతులు బాగుపడితే మళ్ళీ ముందుకు రానిమ్మని యజమానిని అడుగుతానంటున్నాడు. అంతకన్నా తనకేం అక్కర్లేదంటున్నాడు. భార్య పనిచేసే చోటికి రావడం ఇష్టం లేక రెండు బస్సులు మారి అంతదూరం వెళ్ళి ఉంటాడు. అక్కడి మాటలు కూడా ఆమె చెవికే వస్తాయని ఆయనకేం తెలుసు? తన పని గురించి ఆమె ఇంట్లో ఎప్పుడు చెప్పింది గనక?

మొదటి ఇంటర్వ్యూలో తప్పు పడితే ఆ మనిషిని పరీక్షలోకి తీసుకోరు. రెండోసారి అడిగితే జవాబు ముందే తయారు చేసుకుని వస్తాడని, మళ్ళీ అడగకూడదని నియమం. సాయంత్రం పంపేదాకా గుర్తు తీసేయడానికి వీలుంది. ఆమె తీసేసింది. తెర మీద ఆ గడి ఖాళీగా కనిపించింది. ఆ ఖాళీని కాసేపు చూసి, మళ్ళీ గుర్తు పెట్టి, పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

"మేడమ్, ఇది నేను వినకూడని రికార్డింగు. ఈయన మావారు."

డాక్టరమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం విన్నది. తీసి బల్ల మీద పెట్టింది.

"గుర్తు మీరు పెట్టారా?"

"పెట్టాను. ఎవరని తెలియకముందే పెట్టాను."

"నేను విన్నా అదే పెట్టాలి. ఏం జరుగుతుందో మీకు తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"ఇవాళ్టికి ఇంటికి వెళ్ళిపోండి, పర్లేదు."

"ఇంకా రెండు రికార్డింగులు వినాలి," అంది చెవులమ్మ. వెళ్ళి ఆ రెండూ విన్నది. వాటిలో తప్పులు లేవు.

ఆమె ఇంటికి చేరేసరికి ఆయన ముందుగదిలో మంచం మీద కూర్చుని ఎవరిదో కళ్ళజోడుకు మర బిగిస్తున్నాడు. దీపం వేసుకోలేదు. ఆమె వేసింది.

"ఒకచోట కొత్త మందుకి పేరిచ్చాను," అన్నాడు తల ఎత్తకుండా. "కుదరలేదట. ఇందాకే ఫోన్ చేశారు."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"మీ రికార్డింగు నా దగ్గరికే వచ్చింది. తప్పని గుర్తు పెట్టింది నేనే."

ఆయన మర తిప్పడం ఆపాడు. "నేనేం తప్పు చెప్పాను?"

"మీరు కాదు. ఆ అమ్మాయి అయ్యో అంది. అలా అనకూడదు."

"అది తప్పా?"

"తప్పే. అలా అంటే రోగులు బాధ తగ్గించి చెబుతారు."

ఆయన కళ్ళజోడు మడిచి దిండు పక్కన పెట్టాడు. ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

"ఆ రోజు అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు బస్సులో అదే అనుకున్నాను," అన్నాడు. "మందు సంగతి ఎలా ఉన్నా, ఎవరో ఒకరు అయ్యో అన్నారు కదా అని."

ఆమె చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళింది. గోడకు ఆనించి చెక్క స్కేలు అక్కడే ఉంది, చివర చుట్టిన గుడ్డకు మందు అంటుకుని గట్టిపడి ఉంది. ఎవరూ చెప్పకుండానే దాని ఉపయోగం ఇప్పుడు తెలిసింది. ఆమె స్కేలును అక్కడే వదిలి, అలమరలోంచి ఆయింట్‌మెంటు తీసుకొచ్చింది.

"చొక్కా తియ్యండి."

ఆయన ఆమెవైపు చూశాడు. తర్వాత అటు తిరిగి కూర్చుని చొక్కా తీశాడు. వీపంతా ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు. స్కేలు అందినంత మేర చర్మం కాస్త మెత్తబడి ఉంది. అందని చోట, రెండు భుజాల మధ్య, పగిలి నెత్తురు ఎండిపోయి ఉంది. రోజంతా చర్మం గురించే వినే మనిషి, ఇంత దగ్గరగా ఆ వీపును చూసి ఎంత కాలమైందో గుర్తు చేసుకోలేకపోయింది.

"ఎలా ఉంది?" అని అడిగాడు.

ఆమె నోటికి తెలిసిన జవాబులు నాలుగే. "చాలా ఎక్కువ," అంది.

"అంతేనా? ఇంకేం అనవా?"

ఆయనకు ఏం కావాలో ఆమెకు తెలుసు. అది పెద్ద మాటేం కాదు, ఒకప్పుడు అడగకుండానే వచ్చేది. "అయ్యో," అంది. అచ్చం ప్రశ్న చదివినట్టే వచ్చింది, ఎక్కడా తడి లేకుండా. అది ఆమెకే వినిపించింది.

ఆయన భుజాలు కదిలాయి. నవ్వాడో మరేమిటో వెనకనుంచి తెలియలేదు.

"ఇంకోసారి చదువు," అన్నాడు.

ఆమె మందు అరచేతిలోకి తీసుకుని, స్కేలు అందని చోట చెయ్యి ఆనించి, ఇంకోసారి అంది.