కొసరు వేసిన కేకు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మా హోసూరులో మగపిల్లవాడు వంట నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్లు ముందు నుదురు తాకి చూసేవారు, జ్వరమేమోనని. వంటవాడు కావడానికి జనానికి తెలిసిన దారి ఒక్కటే: పెళ్లి వంటల మేస్త్రీ వెంట తిరిగి, గుండిగలు తోమీ తోమీ, ఆయనకు దయ కలిగిన నాడు గరిటె పట్టుకోవడం. నేను మాత్రం కృష్ణగిరిలో ఏడాది కేటరింగ్ కోర్సు చేశాను. (దానికి మా నాయనను ఒప్పించడానికి నేనాడిన బేరం సూళగిరిలో టమాటా వ్యాపారులు కూడా ఆడి ఉండరు.) చివరికి కుదిరిన ఒప్పందం ఇది: వెళ్లిన తొలి హోటల్లోనే ఉద్యోగం రావాలి. రాకపోతే మారుమాట లేకుండా మా చిల్లర అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. “ఇంకో హోటలు చూస్తానని నసిగితే కాళ్లిరగ్గొడతా,” అన్నాడు నాయన. నేను నష్టానికి ఒప్పుకున్న బేరం అదొక్కటే.

ఆ తొలి హోటలు జూజువాడి దగ్గర, బెంగళూరు రోడ్డు మీద ఉండేది. అక్కడి వంటగదికి పెద్దాయనను, తల మీది పొడుగాటి తెల్ల టోపీని బట్టి, అందరూ ‘పెద్ద టోపీ’ అనేవారు. “ట్రైనీ చోటు ఒకటే ఉండాది. కేకు చేసి చూపించప్పా,” అన్నాడు. నాకు లోలోపల నవ్వొచ్చింది. తూచడం మా ఇంటి విద్య కదా! త్రాసులో మైదా పోశాను. ముల్లు నిటారుగా నిలబడింది. నిలబడగానే నా చేయి దానంతటది డబ్బాలోకి వెళ్లి, ఇంకో గుప్పెడు తెచ్చి పైన వేసింది. (మా అంగట్లో తూకం అయ్యాక కొసరు వేయకపోతే ముసలమ్మలు పొట్లం విప్పి మళ్లీ మా ముందే పెట్టేవారు.) చక్కెరకూ అంతే. బేకింగ్ పౌడరుకూ అంతే.

ఓవెన్ అద్దంలోంచి చూస్తున్నాను. కేకు పొంగింది. ఇంకా పొంగింది. గర్వంతో నేనూ పొంగాను. అంతలో అది ఉస్సురని నడిమధ్య కుంగిపోయింది. ఎక్కడో గల్లాపెట్టె మూత తెరుచుకున్న చప్పుడు వినిపించినట్టయింది.

“ఏమప్పా, కేకు చేయమంటే చెరువు తవ్వినావే?”

“సరిగ్గానే తూచినాను సార్.”

“నేను చూడలేదనుకుంటివా? ముల్లు నిలబడినాక మళ్లా చేయి ఎందుకు పోయె?”

“అది... కొసరు సార్.”

“కొసరా? ఎవురికి? ఓవెనుకా?” అని ఆయన వెనుదిరిగాడు.

“సార్, ఇంకొక్క తూరి!”

“ఇదేమన్నా సంతనా, బేరమాడేదానికి?”

“సంతయితే మీరు నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగుంటారు సార్!”

నోరు జారాక నాలుక కరుచుకున్నాను. పెద్ద టోపీ నిజంగానే నాలుగడుగులు వేసి ఉన్నాడు. నిలబడ్డాడు. తిరిగాడు. “నోరు శానా ఉంది నీకు. సరే. ముల్లు నిలబడినాక చేతులు వెనక్కి కట్టుకో. కదిలిందా, అట్నే ఇంటికి పో.”

ఈసారి తూకం నిలబడ్డ ప్రతిసారీ నా వేళ్లు వీపు వెనక ఒకదాన్నొకటి మెలిపెట్టుకున్నాయి. బేకింగ్ పౌడరు దగ్గర చెమటలు కారాయి. ఇక ఓవెన్ ముందు ఊపిరి తీయడానికే భయం. పొంగింది. నిలబడింది. బయటికి తీశాక ఆయన వేలితో నొక్కితే మెత్తగా మళ్లీ లేచింది. “రేపు పొద్దున్నే రా. ఎర్రగడ్డలు వొలిచేదుండాది. కేకులని కలలు కనొద్దు,” అన్నాడు. (ఎర్రగడ్డలంటే మా వైపు ఉల్లిపాయలు.)

కుంగిన కేకును అడిగి తెచ్చుకున్నాను. (అంగడి వాళ్లం, ఏదీ పారేయలేం.) నాయనకు విషయం చెప్పి, ఆ పొట్లం ముందు పెట్టాను. అప్పుడు చూశాను, గల్లాపెట్టె దగ్గర నా కోసం కొత్త దిండు వేసి ఉంది. ఆయన దాన్ని మెల్లగా పక్కకు జరిపి, కేకు ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

“చేదుగా ఉండాదేరా!”

“బాగున్నది హోటల్లోనే ఉంది నాయనా.”

“బాగున్నది వాళ్లకు, బాగలేనిది నాకా?” అంటూ మొత్తం తినేశాడు.

ఇప్పుడు టోపీ నా తల మీద ఉంది. కుర్రవాళ్ల కేకు ఎప్పుడైనా కుంగితే వాళ్లు వణికిపోతారు. నేనేమో తిట్టే ముందు ఓ ముక్క విరిచి నోట్లో వేసుకుంటాను. ఏమాత్రం బాగుండదు. అయినా తినేస్తాను.