బొటనవేలి బిళ్ళ

కోడంబాక్కంలో మా వంటగది గట్టు సగం నాది, సగం మట్టిది. పిల్లల వేలిముద్రలు, పెళ్ళికూతుళ్ళ పేర్లు, ఎవరికి ఏ గుర్తు కావాలంటే అది పచ్చి మట్టి బిళ్ళ మీద వేయించి, నీడన ఆరబెట్టి, డాబా మీద ఊకలో కాల్చి, నల్లతాడుకు గుచ్చి ఇస్తాను. ఊరందరికీ చేసిచ్చాను గానీ నాకంటూ చేసుకున్నది ఒక్కటే. అమ్మ బొటనవేలి బిళ్ళ.

చివరి రోజుల్లో అమ్మ తొండియార్‌పేటలో అక్క దగ్గర ఉండేది. నేను కాలు విరిగి, కట్టుతో మంచం మీద ఉన్నాను. నన్ను చూడటానికి వచ్చిన అక్క చేతికి తడిగుడ్డలో చుట్టిన బిళ్ళ ఇచ్చి, "అమ్మ బొటనవేలు దీని మీద ఒక్కసారి అద్దించి తీసుకురా అక్కా" అన్నాను. మర్నాడే తెచ్చిచ్చింది. అంచులు చెదరకుండా ముద్ర ఎంత శుభ్రంగా పడిందో! నా పని లాగేసుకునేట్టున్నావే అని ఆటపట్టించాను కూడా. నెల తిరక్కుండా అమ్మ పోయింది.

నా కాలి కట్టు విప్పాక బిళ్ళని కాల్చి మెడలో వేసుకున్నాను. ఏడాదిపైగా తీయలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే దాన్ని తడిమేదాన్ని. బస్సులో సీటు దొరక్కపోతే దానితోనే గొణుక్కునేదాన్ని. ఆ చిన్న గుంటలో వేలు పెడితే అమ్మ చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది.

మొన్న ఒక అవ్వ మనవరాలిని తీసుకొచ్చింది. పాప వేలు అద్దగానే ముందుకు వంగి, "చక్రమా, శంఖమా?" అంది. గీతలు గుండ్రంగా తిరిగితే చక్రం, ఒక పక్కకి జారితే శంఖం. అమ్మకీ ఇదే పిచ్చి. తనకి పది వేళ్ళకీ చక్రాలేనని చేతులు చాపి గొప్పలు పోయేది. బొటనవేళ్ళకి శంఖాలున్నాయని అక్కని ఏడిపించేది. అది గుర్తొచ్చి, నవ్వుతూ నా బిళ్ళని వెలుతురులోకి ఎత్తాను. రోజూ తడిమాను గానీ అలా చూసింది లేదు.

శంఖం.

ఆ మధ్యాహ్నమే తొండియార్‌పేట వెళ్ళాను. "ఇది ఎవరి వేలక్కా?" అన్నాను.

అక్క బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "అమ్మ ఒప్పుకోలేదు మే. నన్ను కైనాట్టును చేస్తారా అనింది."

వేలిముద్ర వేసేవాళ్ళని మా ఊళ్ళో అలాగే అంటారు. నేను బడికి పోయే రోజుల్లో నా పలక మీద సంతకం నేర్చుకుంది అమ్మ. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెట్టమన్నా పెన్ను అడిగేది. అది మరిచి వేలు అడగడం నా బుద్ధితక్కువే.

"ఆ మాట నాతో చెప్పి ఉండచ్చు గదా?"

"నీ మనసు నొచ్చుకుంటాదని చెప్పలేదు. నా తల్లో పిన్ను పీక్కొని ఆ బిళ్ళ మీద సంతకం పెట్టింది, మూడక్షరాలూ. కోడి గెలికినట్టు ఉండింది. నువ్వు అడిగింది వేలు గదా? తడిచేత్తో సాపు చేసి నా వేలు అద్దినా. సరి విడు, ఇప్పుడు దానికేమి?"

నా ఒళ్ళు మండిపోయింది. ఒట్టి వేలు మార్చి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. అమ్మ తన చేత్తో రాసింది చెరపడానికి చెయ్యెలా వచ్చింది? అదే అడిగాను.

"కాఫీ తాగతావా?" అంది.

తాగలేదు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. పిన్ను లోతుగా దిగి ఉంటే ఏ అంచునైనా ఒక కొమ్మో, ఒక తలకట్టో మిగిలి ఉంటుందని ఆశ. తిప్పి తిప్పి చూశాను. ఒక్క గీత లేదు. మా అక్క ఏ పని చేసినా శుభ్రంగా చేస్తుంది.