మూసిన షట్టర్ ముందు వరస

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: పదిమంది చేస్తున్న పని తప్పయి ఉండదు, ఖాకీ చొక్కా చెప్పిన మాట అబద్ధమై ఉండదు. అప్పుడే డిగ్రీ అయింది. ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటే చిత్తూరు పక్క పల్లెనుంచి తిరుపతికి వచ్చాను. (చొక్కా మా చిన్నాయనది. ఆయన నాకు ఇద్దరంత ఉంటాడు.) బస్సు దిగేసరికి ఇంకా చాలా టైముంది. ఎండ చురుక్కుమంటుంటే, ఒక లాడ్జి పక్కన మూసి ఉన్న అంగడి షట్టర్ ముందు నీడలో నిలబడి తల దువ్వుకున్నాను. నేను చేసిందల్లా అంతే.

అప్పుడే గుండు కొట్టించుకున్న ఒక ముసలావిడ మూటతో వచ్చి నా వెనక నిలబడింది. "ఈడ ఏమిస్తారు నాయనా?" అని అడిగింది. "నాకు తెలీదవ్వా, ఊరికే నిలబడుకోనుండా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, వెనకే వచ్చిన కోడలితో "ఊరికే ఎవురన్నా నిలబడతారా? చెప్తే మనం ముందుకు దూరతామని భయం" అంది. కోడలి వెనక ఒక కుటుంబం, వాళ్ల వెనక తమిళం మాట్లాడే నలుగురు చేరారు. తిరుపతిలో వరస కనిపిస్తే మనిషి ముందు నిలబడతాడు, ఎందుకని తర్వాత అడుగుతాడు. నేను మళ్లీ నోరు తెరిచేలోపు లాడ్జి వాచ్‌మన్ ఖాకీ చొక్కాలో విజిల్ ఊదుకుంటూ వచ్చాడు. "యోవ్, గోడవారగా లైన్! ముందర నిలబడినోడివి నువ్వే వంకరగా ఉంటే ఎనకోళ్లకేం సెప్పేది?" నేను నిటారుగా నిలబడ్డాను. (క్షమాపణ కూడా చెప్పాను.)

ఇక కథ నా చేతుల్లో లేదు. రూములిస్తారని ఒకరు, దర్శనం టోకెన్లని ఇంకొకరు. వార్త వరస చివర్న బయల్దేరి నాదాకా వచ్చేసరికి, దాని పుట్టుక తెలిసిన నాకే నిజమేమో అనిపించింది. ఇంతమంది పొరబడతారా? ఒకాయన పక్కనుంచి దూరబోతే "మేమంతా నిలబడలేదా? ఎనక్కి పోప్పా!" అని గద్దించింది ఎవరో కాదు, నేనే. తీరా టైము చూసుకుని కదలబోతే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. "పొయ్యేదానికి లేదు. ముందరోడు పోతే లైనంతా సెదిరిపోతాది."

"ఇంటర్వ్యూ ఉండాదన్నా."

"ఇంతసేపు నిలబడి, తీరా ఇచ్చే టయానికి పోతావా, పిచ్చి నాయనా!" అని అవ్వ జాలిపడి నా మోచెయ్యి పట్టుకుంది. వెళ్లిపోవచ్చు, నన్నెవరూ కట్టేయలేదు. కాళ్లు కదిలితే కదా!

ఇంతలో అంగడాయన స్కూటర్ మీద వచ్చాడు. మిక్సీలు బాగుచేసే మనిషి. జనాన్ని చూసి, రిపేరుకిచ్చిన వాళ్లంతా ఒక్కటై దండెత్తి వచ్చారనుకున్నాడో ఏమో, పాపం బండి వెనక్కి తిప్పాడు. వాచ్‌మన్ పరుగున పోయి హ్యాండిల్ పట్టేశాడు. "జనాన్ని ఎంతసేపని నిలబెడతావబ్బా? తియ్ షట్టరు!" ఆయన తాళం తీసి షట్టర్ ఎత్తాడు. లోపల విప్పదీసిన మిక్సీలు. "మీ మిక్సీ ఏదన్నా?" అని దీనంగా నన్నడిగాడు. ఈలోగా వెనకనుంచి ఒక గొంతు: "మిక్సీలంట! ఊరికే ఇస్తారంట!" ఆ తోపులాటలో ఎలాగో బయటపడి పరుగెత్తాను.

చెమటలు కారుతూ, ఆలస్యంగా కాలేజీకి చేరాను. ఎందుకు ఆలస్యమని కరస్పాండెంటుగారు అడిగితే, అబద్ధం తోచక జరిగిందంతా చెప్పాను. ఆయనకు చెరోపక్క కూర్చున్న ఇద్దరూ నన్ను చూడలేదు, ఆయన ముఖమే చూస్తున్నారు. ఆయన పెదవి కాస్త కదిలింది, వీళ్లవీ కదిలాయి. ఆయన పగలబడి నవ్వాడు, వీళ్లు బల్ల చరిచి నవ్వారు. ఆయన చటుక్కున ఆగి "పిల్లోడు నిజం చెప్పినాడు, తీసుకుందాం" అంటే, "నేనూ అదే అనుకుంటా ఉండా సార్" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. (నేనూ తలూపాను.)

ఇప్పుడు అదే కాలేజీలో సూపరింటెండెంటుని. ఆఫీసులో నా కింద నలుగురున్నారు, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఎవరికి ఏం చెప్పినా ముందు "ఎందుకు?" అంటారు. మంచిదే, అలాగే అడగాలి. కానీ ఎక్కడికి పోతున్నాడో తనకే తెలియని ఆ కుర్రవాడి వెనక నిలబడినంత నమ్మకంగా, ఇన్నేళ్లలో మళ్లీ ఎవరూ నా వెనక నిలబడలేదు.