అన్నం తెచ్చే పెద్దామె

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా అవ్వ తన సొంత ఇంట్లో, తానే పసుపు రాసి బొట్లు పెట్టిన గడప బయట నిలబడి, "లోపలికి రావచ్చునా నాయనా?" అని అడిగి గదిలోకి వెళ్ళేది. ఆ గదిలో ఉన్నది ఆమె కన్నకొడుకు, మా చిన్నాయన. ఆయన వద్దంటే మారుమాట లేకుండా వెనక్కి వచ్చేది. ఈ సంగతి చెబితే మా పిల్లలు "అదేం ఇల్లమ్మా?" అని నవ్వుతారు. నవ్వనీ. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరు ఎవరో తెలియక నాకు తల గిర్రున తిరిగేది.

మాది తిరుపతి పాత ఊళ్ళో ఒక సందు. నాయనకు బజారులో స్టీలు సామాన్ల అంగడి ఉండేది. చిన్నాయన కూడా అక్కడే కూర్చునేవాడు. కూర్చునేవాడు అన్నానే గానీ ఆయన ఒక చోట కూర్చున్నదెక్కడ! పొద్దున బేరానికి వచ్చిన ఆడవాళ్ళ గొంతులన్నీ మధ్యాహ్నం అన్నం దగ్గర దించేసేవాడు. ఇత్తడి బిందె మార్చి స్టీలు బిందె తీసుకునే ముసలమ్మ ఎలా గొణుగుతుందో చేసి చూపిస్తే మాకు పొలమారేది. అవ్వ "తిను రా ముందు" అని కసురుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

తిరుపతిలో పుట్టినవాళ్ళకు గంగజాతర గురించి చెప్పాల్సిన పని లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక వారం ఊరు ఊరంతా వేషాలు కడుతుంది. ఒకరోజు ఒళ్ళంతా తెల్లగా సుద్ద పూసుకుంటారు, ఇంకోరోజు బొగ్గు పూసుకుని వేపమండలు కట్టుకుంటారు. మొక్కున్న మగవాళ్ళు చీరలు కట్టి, జడలు వేసుకుని, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. ఎవరూ వింతగా చూడరు. ఆడవాళ్ళను బాధపెట్టిన పాలెగాడొకడు అమ్మవారికి భయపడి దాక్కున్నాడనీ, వాణ్ణి బయటికి రప్పించడానికి గంగమ్మ రోజుకో వేషంలో ఊరంతా వెతికిందనీ మా పెద్దవాళ్ళు చెప్పే కథ.

ఒక ఏడు జాతరకు చిన్నాయన అవ్వ చీరే కట్టాడు. ఎర్రంచు ఆకుపచ్చ చీర. అవ్వలాగే నడుము మీద ఒక చెయ్యి వేసుకుని, కొంచెం ఎడమకు ఒరిగి వంటింట్లోకి వస్తే నేను తలెత్తి సరిగా చూడకుండానే "అవ్వా, మజ్జిగ" అని గ్లాసు చాచాను. "నీళ్ళు తాగు పో మే, మజ్జిగ మీ నాయనకే సాల్లేదు" అని అచ్చం అవ్వ గొంతుతో కసిరేసరికి మూతి ముడుచుకుని బయటికి వచ్చేశాను. పెరట్లోంచి అసలు అవ్వ చెంబు పట్టుకుని వస్తుంటే కెవ్వుమని అరిచాను. ఇల్లంతా విరగబడి నవ్వింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మరుసటి ఏడు నేను పడిన అయోమయానికి మూలం ఇక్కడే ఉంది.

మరుసటి ఏడు ఉగాది వెళ్ళాక చిన్నాయనకు మాట తగ్గిపోయింది. అంగడికి పోవడం మానేశాడు. నిద్ర లేదు. వెనక గదిలో గోడకు ఆనుకుని, ఎవరో చెబుతుంటే వింటున్నవాడిలా తల వంచి కూర్చునేవాడు. నేనూ చెవులు రిక్కించి వినేదాన్ని. పక్కింట్లో కుట్టుమిషను తప్ప నాకేమీ వినపడేది కాదు. బజారులో అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారనేవాడు. జాతర చాటింపు పడి సందులో డప్పులు మోగేసరికి అది ముదిరింది. "నా కోసరమే వేషాలు కట్టుకోని తిరగతా ఉండారు. నేను బయటికొస్తే అయిపోయినట్టే" అని తలుపు వేసుకున్నాడు. పాలెగాడి కథ చిన్నప్పటి నుంచి విన్నదే కదా మాకందరికీ. నాకూ భయమేసి, వేపమండలు కట్టుకున్న ప్రతి మనిషినీ అనుమానంగా చూశాను.

ఒక మధ్యాహ్నం అవ్వ కంచంలో అన్నం పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. చిన్నాయన లేచి గోడకు అతుక్కుపోయాడు.

"ఎవురు నువ్వు? మా అమ్మ సీర కట్టుకోనొస్తే నేను నమ్మతాననుకుంటివా? మా అమ్మను యాడ పెట్టినారు?"

నాయన అంగడి నుంచి పరిగెత్తుకొచ్చాడు. "కండ్లు కనపడలేదారా నీకు? అమ్మరా!" అని అరిచి, అవ్వ మోచేతి మీది మచ్చ చూపించాడు. పసివాడుగా ఉన్నప్పుడు చిన్నాయన పొయ్యి మీద పడబోతే అడ్డం పెట్టి కాల్చుకున్న మచ్చ అది. చిన్నాయన దగ్గరికి వచ్చి ఆ మచ్చను పట్టి పట్టి చూశాడు. "మచ్చ గూడా పెట్టినారే. బాగా కుదిరింది" అన్నాడు. వేషాల్లో ఆరితేరినవాడు ఇంకొకరి వేషాన్ని మెచ్చుకున్నట్టే అన్నాడు. నాయన ఎన్ని రుజువులు చూపిస్తే ఆయన అనుమానం అంత గట్టిపడింది.

వేషం గురించి మా ఇంట్లో చిన్నాయన కంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? పోయినేడు నేనే మోసపోలేదా? ఆ రోజు నుంచి అవ్వను కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. ఆమె కునుకు తీస్తుంటే చెవి వెనక రంగు అంచు ఉందేమోనని వంగి వెతికాను. నడుము మీద చెయ్యి వేసుకుని ఎడమకు ఒరిగి నడిచినప్పుడల్లా రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. ఆమె కలిపి పెట్టిన ముద్ద కంచంలోనే వదిలేశాను. చివరికి ఉండబట్టలేక అడిగేశాను, నువ్వు నిజంగా మా అవ్వవేనా అని.

అమ్మ నన్ను కొట్టబోయింది. అవ్వ ఆపి, నన్ను దగ్గరికి లాక్కుని, నా అరచెయ్యి తన చెంప మీద పెట్టుకుంది. "రుద్ది సూడు మే, రంగు పోతాదేమో." గట్టిగానే రుద్దాను. చెమట తప్ప ఏమీ రాలేదు. అయితే చిన్నాయన అబద్ధం చెబుతున్నాడా అని అడిగాను.

"లేదు మే. వానికి అట్లనే కనపడతా ఉండాది. వాని భయం నిజం. ఆ భయంలో నా బిడ్డ ఒక్కడే ఉండాడు సూడు, అదీ నా బాధ."

నాకు సగమే అర్థమైంది. ఒకే మనిషి ఒకరికి అవ్వగానూ ఇంకొకరికి ఎవరో దొంగమనిషిగానూ ఎలా కనపడుతుందో, ఇద్దరూ నిజం చెప్పడం ఎలా కుదురుతుందో ఎంత ఆలోచించినా తెగలేదు.

చిన్నాయన మా చేతి తిండి ముట్టడం మానేశాడు. పెరటి కొళాయి దగ్గర తానే దోసిలి పట్టి నీళ్ళు తాగేవాడు. చూస్తుండగానే చెంపలు లోపలికి పోయాయి. పక్కింటి అక్క గాలి సోకిందనీ, మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోతే సరిపోతుందనీ అంది. నాయన ఆ మాట వినలేదు గానీ, కాళ్ళూ చేతులూ కట్టి ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోదామని మనుషులను పిలవడానికి చెప్పులు వేసుకున్నాడు. నాయన కఠినుడేమీ కాదు. తమ్ముడు కళ్ళముందే ఎండిపోతుంటే ఆయనకు ఇంకో దారి తోచలేదు. అవ్వ వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఎవురో పట్టుకోని పోతారని వణకతా ఉండాడు వాడు. మనమే పోయి పట్టుకుంటే వాడు సెప్పింది నిజం జేసినట్టే గదప్పా. రేపటిదాకా ఆగు."

మరునాడు పొద్దున్నే అవ్వ ఎర్రంచు చీర మడిచి పెట్టెలో పెట్టేసింది. అమ్మను అడిగి ఆమె నూలుచీర ఒకటి కట్టుకుంది. రెండు కంచాల్లో రాగిసంగటీ వేరుశనగ పచ్చడీ సమంగా పెట్టుకుని వెనక గది దగ్గరికి వెళ్ళింది. ఎప్పుడూ తోసుకుని లోపలికి పోయే మనిషి, గడప బయట ఆగి తలుపు మీద వేళ్ళతో కొట్టింది.

"నాయనా, నేను మీ అమ్మనని సెప్పేదానికి రాలేదు. ఆకలిగా ఉంటాదేమోనని సంగటి తెచ్చినాను. లోపలికి రావచ్చునా?"

మా వైపు కొడుకు వయసున్న ఏ మగవాణ్ణయినా నాయనా అనే పిలుస్తారు. కన్నతల్లీ అలాగే పిలుస్తుంది, దారిన పోయే ముసలమ్మా అలాగే పిలుస్తుంది. ఆ పిలుపులో ఆయన తప్పుపట్టడానికి ఏమీ లేదు. తలుపు కొంచెం తెరుచుకుంది.

"మా అమ్మ యాడ?" అన్నాడు లోపల్నుంచి.

"నీకు అమ్మ కావాలని ఉండాది. అది నాకు తెలస్తా ఉండాది నాయనా. ముందర రోంత తిను."

లోపలికి రావద్దన్నాడు. సరేనని అవ్వ గడప బయటే చతికిలబడి, రెండు కంచాలూ ముందుకు జరిపి, నీకు ఇష్టమైంది తీసుకో, మిగిలింది నేను తింటాను అంది. ఆయన చాలాసేపు చూసి, ఆమె వైపు ఉన్న కంచం లాక్కున్నాడు. అవ్వ రెండోది తీసుకుని తినడం మొదలుపెట్టింది. ఆమె మింగిన తర్వాత ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఇంకొకటి. వంటింట్లో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకైతే సంతోషించాలో భయపడాలో తెలియలేదు. అన్నం లోపలికి పోయింది సరే, మరి మా అవ్వ ఏమైపోయినట్టు?

అప్పటి నుంచి ఆయన లెక్కలో ఆమె పెద్దామె. "పెద్దామె వచ్చిందా?" అని నన్ను అడిగేవాడు. ఏం చెప్పాలో తెలియక అవ్వను అడిగాను. "నువ్వు అవ్వా అనే పిలువు మే. వాడు ఏమని పిలిచినా నేను పలకతాను" అంది. నాయన కూడా వాదించడం మానేశాడు. జాతర అయ్యేదాకా సందు మొదట్లో మజ్జిగ బిందె పెట్టుకుని నిలబడి, వేషాలవాళ్ళ దాహం అక్కడే తీర్చి, "మా తమ్మునికి బాగలేదప్పా, ఈ పక్కకు డప్పు వద్దు" అని బతిమాలేవాడు. వాళ్ళు పాపం డప్పులు చంకకు ఎత్తుకుని చప్పుడు లేకుండా దాటిపోయేవారు.

అవ్వకు ఇదంతా సులువని నేననుకున్నాను. ఒకరోజు బట్టలుతికే బండ దగ్గర, కొళాయి పూర్తిగా తిప్పి పెట్టి, కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి మొహం కడుక్కుంది. "అమ్మ యాడ, అమ్మ యాడ అని నన్నే అడగతా ఉండాడు మే. ఎదురుగా కూసోని వింటా ఉండాను" అంది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

జాతర ముగిశాక చిన్నాయన పెద్దామెను గదిలోకి రానిచ్చాడు. నిద్ర పట్టడం లేదని ఆమెతోనే చెప్పుకున్నాడు. "నిద్ర పట్టేదానికి, భయం తగ్గేదానికి మందిచ్చే డాక్టరు ఉండాడు. నువ్వు సరే అంటేనే పోదాం. నీ పక్కనే కూసుంటాను" అంది అవ్వ. ఒకరోజంతా ఆలోచించి సరేనన్నాడు. కట్లూ లేవు, మనుషులూ లేరు, ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్ళారు. వెనక నాయన స్కూటరు మీద వెళ్ళాడు. తోడు వచ్చింది ఎవరని డాక్టరు అడిగితే, "తెలీదు సార్. ఎవురో మంచామె" అన్నాడట చిన్నాయన. ఆ మాట ఇంటికొచ్చి మాకు చెబుతూ నాయన భోరుమన్నాడు. ఆయన ఏడవడం నేను అప్పుడే చూశాను. ఇది గాలీ కాదు ధూళీ కాదు, జబ్బేననీ, మందులు విడవకుండా వాడాలనీ డాక్టరు చెప్పాడట.

వానలు మొదలయ్యేసరికి చిన్నాయనకు నిద్ర వచ్చింది. మాట మెల్లగా వచ్చింది. ఏ రోజు ఆయనకు అమ్మ మళ్ళీ అమ్మలా కనపడిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక పొద్దున "మా, నా సొక్కా యాడ పెట్టినావు?" అని కేక వినపడింది. మేమందరం ఎక్కడివాళ్ళం అక్కడ బిగుసుకుపోయాం. అవ్వ తల ఎత్తకుండా, "దండెం మీద ఉండాది సూడు" అని బియ్యం ఏరుతూనే ఉంది. ఏరిన బియ్యమూ ఏరనివీ కలిపేసిందని తర్వాత అమ్మ చెప్పింది. ఆ పూట అన్నంలో రాళ్ళు తగిలినా ఎవరూ నోరు మెదపలేదు.

అంగడికి మళ్ళీ పోవడం మొదలైన కొన్నాళ్ళకు ఆయన ఒక చీర కొనుక్కొచ్చాడు. ముదురు నీలం, సన్నంచు. అన్నం తింటూ తింటూ ఆగి అడిగాడు.

"మా, ఆ పెద్దామె యాడికి పోయింది? నాకు బాగలేనప్పుడు అన్నం తెస్తా ఉండె గదా. మళ్ళా వస్తే ఈ సీర ఇయ్యి."

అది అవ్వే చిన్నాయనా అని నా నోటిదాకా వచ్చింది. అవ్వ ఆయన కంచంలో నెయ్యి వేస్తూ, "వాళ్ళింటికి పోయింది నాయనా. కొడుకు వచ్చినాడంట" అంది.

ఆ జబ్బు తర్వాత ఒకసారి తిరగబెట్టింది, మందులతో మళ్ళీ అదుపులోకి వచ్చింది. చిన్నాయన మా అందరిలాగే బతికాడు, వేషం మాత్రం మళ్ళీ కట్టలేదు. అవ్వ ఆ నీలం చీర ఒక్కనాడూ కట్టుకోలేదు. తనది కాదు కదా మరి. పెట్టెలో ఎర్రంచు చీర కింద దాన్ని మడిచి పెట్టింది. అవ్వ పోయాక ఆ రెండూ నాకు వచ్చాయి. పెద్దామె కొడుకు వచ్చాడని ఆ రోజు ఆమె చెప్పింది అబద్ధమో నిజమో ఈ వయసులో కూడా నాకు తేలలేదు. ఎవరైనా బెదిరిన మొహంతో, నేనెవరో తెలియనట్టు నా వైపు చూస్తే, నేను ఫలానా అని వాదించబోయి ఆగిపోతాను. గడప బయటే నిలబడి, తిన్నావా అని అడుగుతాను. ఎర్రంచు చీర పండగలకు కడతాను. నీలం చీర ఏటా ఎండకు ఆరేసి, మడత మార్చి లోపల పెడతాను. ఎవరిదమ్మా ఇది అని పిల్లలు అడిగితే, ఒక పెద్దామెది, వస్తే ఇవ్వాలి అని చెబుతాను.