పగలగొట్టని కుండ

ఇట్లా కూర్చో మనవడా. ఆ గోళీలు పక్కన పెట్టి సరిగ్గా విని రాయి, మళ్లీ మళ్లీ చెప్పలేను.

మా నాయన బేతంచెర్ల దగ్గర నాపరాళ్లు చీల్చే పనికి పోయేవాడు. ఒకసారి రాళ్లు గుండ్రంగా పేర్చి ఉన్న చోట ఆయన గడ్డపార లోపలికి దిగబడిపోయింది. బండ ఎత్తి చూస్తే కుండ. బయట ఎరుపు, లోపల నలుపు, నున్నగా మెరుస్తోంది. ఏ కాలం వాళ్లు పెట్టారో. దాంట్లో మట్టి, ఎముకలు. నాయన వాటిని అక్కడే గుమ్మరించి కుండ ఇంటికి తెచ్చాడు. ఆ ఎండాకాలం మా నీళ్లకుండ పగిలిపోయి ఉంది మరి.

మా అవ్వ, అంటే నాయన తల్లి, దాన్ని గడప దాటనివ్వలేదు.

“సచ్చినోళ్ల కుండరా అది. మనమైతే కుండను కాటి కాడ పగలగొట్టి వస్తాం. దీన్ని పగలగొట్టలేదంటే ఆ మనిషి ఇంకా పోలేదనే.”

“పోకుండా ఈ ఎండలో ఈడేం చేస్తాండాడు మా? రాళ్లు మోసేకి రమ్మను” అన్నాడు నాయన.

అమ్మ దాన్ని కడిగి కొట్టం పక్కన బోర్లించింది.

తర్వాత కొన్నాళ్లకే మా తమ్ముడు జ్వరంతో పోయాడు. పళ్లు కూడా రాలేదు వాడికి. అవ్వ రోకలి తీసుకుని కుండ దగ్గరికి పోయింది.

“పగలగొట్టొద్దత్తా” అంది అమ్మ, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే. “వాని కాడ పెడదాం.”

“పండ్లు రాని బిడ్డను పూడ్చేదే. కుండ యాడుంది మనలో?”

“నిప్పూ లేదు, కుండా లేదు. ఒక్కడే పోతాండాడు. దాంట్లో ఉండింది గూడా పసిబిడ్డే. కడిగేటప్పుడు అడుగున ఒక ఎముక దొరికింది. నా చిటికెనేలంత లేదు. గూట్లో పెట్టినా.”

అవ్వ రోకలి గోడకు ఆనించింది. నాయన గనికి పోయి, దొరికినన్ని ఎముకలు తువ్వాల్లో కట్టుకొచ్చాడు. గూట్లోది అమ్మే కుండలో వేసింది. తమ్ముణ్ణీ కుండనూ నాయన కాటికి తీసుకుపోయాడు. ఆడవాళ్లం కాటికి పోము కదా, ఆయన తిరిగొచ్చాక అమ్మ అడిగింది.

“మూత పెట్టినావా?”

“నాపరాయి పలక పెట్టినా.”

“వాని పక్కనేనా?”

“పక్కనే.”

అమ్మ చేట తీసుకుని కొర్రల్లో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఎవరూ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. కొట్టం పక్కన దుమ్ములో కుండ ఆనవాలు గుండ్రంగా ఉంటే, దాన్నే చూస్తూ ఉన్నాను. పొద్దుగూకినాక అవ్వ సంగటి ముద్ద తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ దాన్ని రెండుగా తుంచి, ఒకటి పక్కకు జరిపి, నన్ను చూసి—

ఇంక రాసింది చాలు, మీ అమ్మ అన్నానికి పిలుస్తాంది. వస్తాండానని చెప్పు.