ఎడమచేతికి మార్కులు లేవు

హార్మోనియం వాయించే మనిషి ఎడమచేతిని మీరు ఎన్నడైనా శ్రద్ధగా చూశారా? చూసి ఉండరు. చూడవలసిన అవసరమూ లేదు. కుడిచెయ్యి మెట్ల మీద పాట పలికిస్తుంటే ఎడమచెయ్యి వెనక తిత్తి ఊపుతూ ఉంటుంది. గాలి అందించడమే దాని పని. జగ్గయ్యపేటలో, నందిగామలో పద్యనాటకాలు వింటూ పెరిగిన మా అందరికీ సంగీతమంటే కుడిచేతి పని అన్న నమ్మకం చెవుల్లో స్థిరపడిపోయింది. నమ్మకం మనలో ఉన్నంతవరకు ఎవరికీ నష్టం లేదు. అది పరీక్షాధికారి కుర్చీలో కూర్చున్న నాడు మా అక్కకు రావలసిన ఉద్యోగం పోయింది. నా కోపం ఆ కుర్చీ మీద.

మా నాన్నగారు పేటలో మిషన్ వారి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. బడి పక్కనే ఉన్న బంగళాలో ఒక ముసలి దొరసాని ఉండేది. ఆమె దగ్గర పియానో ఉండేది. అక్కను పదేళ్ళ వయసులో, ఆదివారం ప్రార్థన పాటలకు తోడుగా ఉంటుందని, ఆమె దాని ముందు కూర్చోబెట్టింది. ఏడేళ్ళ తరువాత దొరసాని స్వదేశానికి వెళ్ళిపోతూ పియానోను బంగళాలోనే వదిలింది. అప్పటినుంచి దానికి దిక్కు అక్కే. ఎండాకాలం కొయ్య ఎండి కీచుమనేది. వానాకాలం నొక్కిన మెట్టు పైకి లేచేది కాదు. అక్క మూత తీసి, ఎలుకలు పోగుచేసిన పీచు దులిపి, మళ్ళీ వాయించేది.

నేను కళాశాలలో చేరి వక్తృత్వపు పోటీలలో పాల్గొనడం మొదలుపెట్టిన సంవత్సరమే నందిగామలో ఒక బాలికల పాఠశాల వారు సంగీతోపాధ్యాయురాలు కాని, ఉపాధ్యాయుడు కాని కావలెనని ప్రకటించారు. వారి హాలులోనూ ఒక పియానో ఉన్నది. అభ్యర్థులు తమకిష్టమైన పాట ఒకటి వాయించాలి. మార్కులలో సగం వాయించిన తీరుకు, సగం పాట కష్టానికి. ఈ రెండవ సగమే మా కొంప ముంచింది.

సెలవులకు ఇంటికి వచ్చి చూస్తే అక్క ఒక నెమ్మదైన పాటను సాధన చేస్తున్నది. కాగితం మీద రెండు పుటలు కూడా లేదు. స్వరాలను గుర్తించే చుక్కలు ఎక్కడో ఒకటి. నాకు గాభరా పుట్టింది.

"అక్కా, వాళ్ళ ముందు ఈ జోలపాటా? గబగబా ఉండేది ఏదన్నా వాయించకూడదూ?"

"గబగబా ఉండేది తేలికే పిచ్చిదానా. వేళ్ళు ఒకదాని వెంట ఒకటి పరిగెడతాయి. ఒకటి తప్పు పడ్డా ఎవరికన్నా తెలిసేలోపు పది దాటిపోతాయి."

"మరి ఇందులో కష్టమేముంది?"

అక్క నా చెయ్యి పట్టుకొని ఒక మెట్టు మీద పెట్టి నొక్కించింది. "విను. హార్మోనియంలో అయితే గాలి ఉన్నంతసేపూ పలుకుద్ది. ఇక్కడ నొక్కిన క్షణం నుంచే తగ్గిపోవటం మొదలు. అది తగ్గిపోతుంటే దాని పక్కన రెండోది ఎంత మెల్లిగా పెట్టాలో ప్రతిసారీ చెవితో కొలుచుకోవాలి. ఒక్కటి గట్టిగా పడిందా, పాట అక్కడ తెగిపోద్ది. నాలుగు స్వరాలే కాబట్టి ఆ నాలుగూ అందరికీ వినపడతాయి. ఎక్కడ దాక్కుంటావు?"

తరువాత ఎడమచెయ్యి చూపించింది. ఆ చెయ్యి చిన్నది. పక్కపక్కనున్న ఎనిమిది మెట్ల దూరం బొటనవేలికి, చిటికెనవేలికి మధ్య చాలీచాలకుండా సాగుతుంది. ఈ పాటలో ఎడమచెయ్యి అడుగున ఒక స్వరం మోగించి, చూడకుండా ఎగిరి, మధ్యలో మూడు స్వరాలను ఒక్కసారిగా, పైన పాడే కుడిచేతికి అడ్డు రాకుండా పలికించి, మళ్ళీ అడుగుకు రావాలి. స్వరం మారిన క్షణానే, మోతను నిలిపి ఉంచే పాదం కింది మీటను వదిలి మళ్ళీ తొక్కాలి. అర క్షణం ఆలస్యమైతే పాత స్వరమూ కొత్త స్వరమూ కలిసి బురద అవుతాయి. దొరసాని చెయ్యి పెద్దది గనుక ఆమెకు ఈ పాట ఆటవిడుపట. అక్కకు ఆరు నెలలు పట్టింది. అదే దొరసాని నల్లమెట్లు నిండా ఉన్న మరో పాటను చూసి భయపడేదట. అక్కకు మాత్రం నల్లమెట్లు ఎత్తుగా ఉండి వేళ్ళకు అందివస్తాయి గనుక ఆ పాట వారంలో వచ్చింది. ఏ పాటకూ కష్టం కాగితం మీద వ్రాసి ఉండదని నాకు ఆనాడు అర్థమయింది. వాయించే చేతినిబట్టి, వాయించే పెట్టెనుబట్టి అది మారుతుంది.

"అయినా మార్కులు వేసేవాళ్ళకి ఇదంతా తెలియొద్దా?" అన్నాను.

"సంగీతం తెలిసినవాళ్ళనేగా పిలుస్తారు," అన్నది అక్క. ఇంతకంటె అమాయకమైన మాట నేను మా ఇంట్లో వినలేదు.

పరీక్ష రోజు పేటలో బస్సెక్కి నందిగామలో దిగి హాలులోకి వెళ్ళేసరికి పరీక్షాధికారి అప్పటికే కూర్చుని ఉన్నారు. నాటక సమాజాలలో హార్మోనియం వాయించి పేరు తెచ్చుకున్న పెద్దమనిషి. ఆయన విద్వత్తును నేను కాదనను. ఆయన కూర్చున్న చోటు మాత్రం నేను మరిచిపోలేను. కుర్చీని పియానోకు కుడి పక్కన వేయించుకున్నారు. అక్కడినుంచి కుడిచెయ్యి బాగా కనబడుతుంది. వాయించేవారి శరీరం అడ్డువచ్చి ఎడమచెయ్యి బొత్తిగా కనబడదు.

మొదట ఒక యువకుడు వాయించాడు. పాఠశాల పాలకసంఘంలో ఒకరైన రైతుపెద్దకు మేనల్లుడు. వేగంగా సాగే పాట. కుడిచెయ్యి ఈ కొసనుంచి ఆ కొసకు పరుగులు తీసింది. ఎడమచెయ్యి రెండే స్వరాలను చివరిదాకా మార్చి మార్చి నొక్కింది. పరీక్షాధికారి తొడమీద తాళం వేస్తూ "శభాష్" అన్నారు. తరువాత అక్క వాయించింది. హాలులో కిటికీ దగ్గరి ఆడపిల్లలు గుసగుసలు మానేశారు. నేను ఎడమచేతినే చూస్తూ నిలబడ్డాను. ఒక్క స్వరం తప్పలేదు.

ఆయన మెల్లగా నవ్వారు. "శుభ్రంగా వాయించావమ్మా. కాకపోతే చిన్నపిల్లల పాట తెచ్చావు. ఇందులో ఏముంది, మా మనవరాలు వాయించేద్ది. కష్టానికి నేనేం వెయ్యను?"

అక్క తల వంచుకున్నది. నేను ఊరుకోలేకపోయాను.

"అయ్యా, ఎడమచెయ్యి ఏం చేసిందో చూశారా అండీ?"

"ఎవరీ పిల్ల?"

"చెల్లెలండి," అన్నారు ప్రధానోపాధ్యాయిని. "కాలేజీలో చదువుతోంది."

"అదీ సంగతి. అమ్మా, ఎడమచేతికేముంది? తిత్తి కొట్టుకోటమేగా."

వెనకనుంచి ఒక ఆడపిల్ల మెల్లగా, "దాంట్లో తిత్తి ఉండదండి," అన్నది.

"లేకపోతే ఇంకా తేలిక," అన్నారాయన. హాలంతా నవ్వింది.

ఆ నవ్వు ఆగేదాకా నిలబడి నేను ఒక్క కోరిక కోరాను. పాట తేలికైనదే అయితే, ఇప్పుడు శభాష్ అనిపించుకున్న అభ్యర్థిచేత నాలుగు పంక్తులు వాయించి చూపించండి అని. రైతుపెద్ద, "పోనీ, ముచ్చట తీరుద్ది. వాయించరా," అన్నారు. ఆ యువకుడు అక్క కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాడు. మొదటి పంక్తి ఎలాగో దాటాడు. రెండవ పంక్తిలో ఎడమచెయ్యి ఎగిరి తప్పుచోట దిగింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ తప్పింది. చెయ్యి తీసేసి, "నాకు రావట్లేదండి," అన్నాడు.

"అలవాటు లేక," అన్నారు పరీక్షాధికారి. "తేలిక పాటల జోలికి పోడు కదా."

వాదంలో ఓడిపోవడం నాకు కొత్త కాదు. ఎదుటివారి తర్కం బలమైనదయితే చప్పట్లు కొట్టి దిగివచ్చే శిక్షణ పొందినదాన్ని. కాని సాక్ష్యం కళ్ళముందు మోగి, ఆ సాక్ష్యాన్నే తిప్పి తీర్పుకు సమర్థనగా వాడుకోవడం నేను ఏ వేదికమీదా చూడలేదు. రాని పాట తేలిక, వచ్చిన పాట కష్టం అయితే ఇక పరీక్ష దేనికి? మేనల్లుడికి ఉద్యోగం ఇస్తున్నామని చెబితే సరిపోయేది. ఆ మాట చెప్పే ధైర్యం లేక, పాపం, పాట మీద నింద వేశారు.

ఉద్యోగం అతనికే ఇచ్చారు. ఆ సాయంత్రం బస్సుకోసం నిలబడి ఉంటే అతను సైకిలు దిగి అక్క దగ్గరకు వచ్చాడు.

"మీరు వాయించింది నావల్ల కాదండి," అన్నాడు.

"ఆ ముక్క లోపల చెప్పొచ్చుగా," అన్నాను నేను.

"చెప్పాగా అండీ. ఆయనకి వినపళ్ళా."

అతనిమీద నాకు కోపం లేదు. ఆ హాలులో నిజం చెప్పిన మగవాడు అతనొక్కడే. ఉద్యోగం వదులుకునేంత నిజాయితీ అతనిలో లేకపోవడం వేరే సంగతి.

అక్క పేటలో నాన్నగారి బడిలోనే తాత్కాలికంగా పలకలమీద అక్షరాలు దిద్దిస్తూ ఉండిపోయింది. సాయంత్రాలు బంగళాకు వెళ్ళి వాయించేది. కొందరు బంధువులు ఓదార్పుగా, "ఈసారన్నా పెద్దపాట నేర్చుకోవే," అనేవారు. ఆ ఓదార్పు నన్ను తీర్పుకంటె ఎక్కువ మండించింది. మనవాళ్ళే ఆ కుర్చీ మాటను ఇంటికి మోసుకొచ్చారు.

ఇన్నేళ్ళకు ఇప్పుడు అతను కంచికచర్లలో సొంత వ్యాపారం పెట్టుకొని ఉద్యోగం మానుకున్నాడు. ఆ స్థానం మళ్ళీ ఖాళీ అయింది. అవే నిబంధనలు, ఆ పరీక్షాధికారే. అక్క దరఖాస్తు పెట్టింది. వయసు హద్దు దాటబోతున్నది గనుక ఆమెకు ఇదే ఆఖరి అవకాశం.

"ఏం వాయిస్తావే?" అని అడిగాను.

"అదే."

"అక్కా, ఆ వేగమైన పాట నీకు నెలలో వస్తుంది. ఒక్కరోజు వాయించి ఉద్యోగం తెచ్చుకో. తరవాత పిల్లలకి నీ ఇష్టం వచ్చింది నేర్పు."

"తేలికది వాయించి కష్టమైంది వాయించానని మార్కులు తెచ్చుకోనా? రేపు నా దగ్గరికొచ్చే చిన్నచేతుల పిల్లకి నేనేం చెప్పను?"

అక్క మళ్ళీ అడుగు స్వరం దగ్గర మొదలుపెట్టింది.

అందుచేత నందిగామలోనూ పేటలోనూ ఉన్న పాఠకులను నేను కోరేది ఇది. బడులు తెరిచిన తరువాత వచ్చే మొదటి శనివారం ఉదయం ఆ పరీక్ష జరుగుతుంది. హాలు తలుపులు అందరికీ తెరిచే ఉంటాయి. దయచేసి రండి. అక్కను పొగడవద్దు, నా తరఫున వాదించవద్దు. పియానోకు ఎడమ పక్కన కూర్చోండి. పరీక్షాధికారి వచ్చినప్పుడు మీలో ఎవరైనా ఒకరు లేచి, ఆయన కుర్చీని కూడా ఈ పక్కకు తెచ్చి వేయండి.